ఒక క్లాసు, పది ఫైళ్ళు: జావాస్క్రిప్టులో ప్రక్షిప్తాల కథ

ఒక క్లాసు పెరిగి పెరిగి నాలుగు వేల పంక్తులు దాటిన తరువాత, దాని మెథడ్లను విడివిడి ఫైళ్ళలో పెట్టుకోవచ్చునా అన్నది పైకి చాలా చిన్న ప్రశ్న. ఇది ఇల్లు సర్దుకోవడం వంటి వ్యవహారమే కదా, ఇందులో చరిత్ర ఏముంది అని మిత్రులు అడగవచ్చు. కాని ఏ ప్రోగ్రామింగు భాషనైనా ఈ ప్రశ్న అడిగి చూడండి. ఆ భాష స్వభావం జవాబులో బయటపడుతుంది. సీ ప్లస్ ప్లస్ భాషలో క్లాసు స్వరూపాన్ని హెడరు ఫైలులో ఒకచోట ప్రకటించి, మెథడ్ల శరీరాలను ఎన్ని ఫైళ్ళలోనైనా రాసుకోవచ్చు. జావా ససేమిరా ఒప్పుకోదు. క్లాసు తెరిచిన కుండలీకరణం ఏ ఫైలులో ఉన్నదో మూసేది కూడా ఆ ఫైలులోనే ఉండాలి. సీ షార్ప్ 2005లో వచ్చిన రెండవ కూర్పులో 'పార్షియల్' అనే మాటను చేర్చి, యంత్రం రాసిన భాగం ఒక ఫైలులోను, మనిషి రాసిన భాగం మరొక ఫైలులోను ఉండే ఏర్పాటు చేసింది. ఆబ్జెక్టివ్-సీ వారికి 'కేటగిరీ'లు ఉన్నాయి.

జావాస్క్రిప్టు మాత్రం చాలాకాలం ఈ ప్రశ్నకు ఔననీ కాదనీ చెప్పలేదు. చెప్పకపోవడం వల్లనే ఎవరికి తోచిన దారి వారు తొక్కారు. ఆ దారుల చరిత్రను నాకు తెలిసినంత మేరకు ఇక్కడ రాసిపెట్టాలని నా ప్రయత్నం.

1995 మే నెలలో నెట్‌స్కేప్ సంస్థలో బ్రెండన్ ఐక్ పది రోజులలో ఈ భాష తొలిరూపాన్ని తయారు చేశాడన్న కథ అందరూ విన్నదే. విహారిణిలో (అదే, బ్రౌజరులో) స్కీమ్ భాషను పెట్టవచ్చునని ఆశపెట్టి ఆయనను ఉద్యోగంలోకి తీసుకున్నారు. తీరా చేరిన తరువాత, చూడటానికి జావాలాగా ఉండాలని షరతు పెట్టారు. ఆయన వేషం జావాది వేసి, లోపల ఫంక్షన్ల గుణాన్ని స్కీమ్ నుంచి, వస్తువుల గుణాన్ని సెల్ఫ్ అనే భాష నుంచి తెచ్చుకున్నాడు. డేవిడ్ అంగర్, రాండల్ స్మిత్ రూపొందించిన ఆ సెల్ఫ్ భాషలో క్లాసులే లేవు. ఒక వస్తువు తనకు తెలియని పనిని తన మూలరూపాన్ని, అంటే ప్రోటోటైపును, అడిగి చేయించుకుంటుంది. ఆ మూలరూపం కూడా మామూలు వస్తువే. మామూలు వస్తువు కాబట్టి దానికి ఎవరైనా, ఎప్పుడైనా, ఎక్కడినుంచైనా ఏదైనా తగిలించవచ్చు. మన కథకు మూలమంతా ఈ ఒక్క వాక్యంలో ఉంది.

ఇక్కడ ఒక విచిత్రం చెప్పాలి. జావాస్క్రిప్టు తొలి కూర్పు నెట్‌స్కేప్ నావిగేటర్ 2లో వచ్చినప్పుడు దానికి వేరే ఫైలు అనేదే లేదు. ప్రోగ్రామంతా పుటలోనే, హెచ్‌టీఎంఎల్ మధ్యలోనే రాయాలి. ప్రోటోటైపును ప్రోగ్రామరు చేతికి అందించే సదుపాయం కూడా అప్పటికి లేదు. ఒక వస్తువుకు మెథడ్లు కావాలంటే దాన్ని తయారుచేసే కన్‌స్ట్రక్టరు ఫంక్షనులోనే ఒక్కొక్కటిగా అంటగట్టాలి. 1996 ఆగస్టులో నావిగేటర్ 3 వచ్చింది. దానితో పాటు వచ్చిన జావాస్క్రిప్టు 1.1లో ప్రోటోటైపుకు దారి తెరుచుకుంది. ఆ నావిగేటర్ 3లోనే, స్క్రిప్టును వేరే ఫైలు నుంచి తెచ్చుకొనే 'ఎస్సార్సీ' లక్షణం కూడా చేరింది. క్లాసును బయటినుంచి పెంచే వీలు, ఆ పెంచే పనిని మరొక ఫైలులో పెట్టే వీలు ఒకే విడుదలలో కవలలుగా పుట్టాయన్నమాట. ఈ రెండింటినీ కలిపి వాడమని నెట్‌స్కేప్ వారు ఉద్దేశించారని నేను అనను. కాని కలిసి వచ్చినవాటిని జనం కలిపే వాడుకున్నారు.

అయితే వేరే ఫైలు అన్నది పేరుకే వేరు. పుటలో వరుసగా చేర్చిన ఫైళ్ళన్నీ ఒకే గ్లోబల్ ఆవరణలో పడేవి. తాళపత్ర గ్రంథం మాదిరి అనుకోండి: ఆకులు విడివిడివే అయినా అన్నిటికీ తాడు ఒకటే, ఆకుల వరుస తప్పితే అర్థం తప్పుతుంది. క్లాసును ప్రకటించే ఫైలు ముందు రావాలి, దానికి మెథడ్లు తగిలించే ఫైళ్ళు తరువాత రావాలి. తారుమారైతే ప్రోగ్రాము మొదటి అడుగులోనే కూలబడుతుంది. అది ఇంకా నయం. రెండు ఫైళ్ళు ఒకే పేరుతో చెరొక మెథడును తగిలిస్తే అంతకన్నా చేటు, ఎందుకంటే ఏ ఫిర్యాదూ వినపడదు. వెనుక వచ్చినదే మిగులుతుంది, ముందుది మాయమవుతుంది.

తెలుగులో రాసుకొనే మనకు ఈ కాలపు జావాస్క్రిప్టుతో బంధుత్వం ఉంది. ఒక్కొక్క పత్రికకు ఒక్కొక్క సొంత ఫాంటు ఉన్న రోజులలో వాటిని యూనికోడులోకి మార్చి చూపించిన 'పద్మ' అనే మోజిల్లా పొడగింత జావాస్క్రిప్టులో రాసినదే. మనలో చాలామంది తొలి తెలుగు వాక్యం రాసుకున్న 'లేఖిని' ఆ పద్మ ఆధారంగా వచ్చినదే. ఇటువంటి ఉపకరణానికి అక్షరాలను విడదీసే యంత్రాంగం ఒకటే; ఒక్కొక్క ఫాంటుకు, ఒక్కొక్క లిప్యంతరీకరణ పద్ధతికి పట్టిక మాత్రం వేరు. ఒకటి కదలని భాగం, మిగిలినవి వచ్చి చేరే భాగాలు. ఒక ప్రోగ్రామును ఎక్కడ విరవాలో సమస్యే చెప్పడం అంటే ఇదే. ఈ మాట దగ్గరికి మళ్ళీ వస్తాను.

2005, 2006 సంవత్సరాలలో రెండు గ్రంథాలయాలు (లైబ్రరీలు) వచ్చాయి, ఈ విషయంలో రెండు సంప్రదాయాలకు పాదులు వేశాయి. మొదటిది శామ్ స్టీవెన్‌సన్ రాసిన ప్రోటోటైప్. అది తన పేరుకు తగ్గట్టే, భాషతో పాటు వచ్చే అరేలకు, స్ట్రింగులకు, ఫంక్షన్లకు సైతం తన సొంత మెథడ్లను తగిలించింది. రెండవది జాన్ రెసిగ్ జేక్వెరీ. ఆయన భాష సొంత వస్తువుల జోలికి పోకుండా తన వస్తువు ఒకటి చేసుకొని, దాని ప్రోటోటైపుకు 'ఎఫ్ఎన్' అని ముద్దుపేరు పెట్టి, ఎవరికి కావలసిన మెథడ్లు వారు తగిలించుకోండని వాకిలి తెరిచి పెట్టాడు. వేలాది ప్లగిన్లు ఆ వాకిలి గుండా వచ్చినవే. జేక్వెరీ లోపలి నిర్మాణం కూడా అదే పద్ధతి: కేంద్రమైన ఫైలు ఒకటి వస్తువును ప్రకటిస్తుంది, సంఘటనల ఫైలు, సీఎస్ఎస్ ఫైలు, వృక్షంలో తిరిగే ఫైలు వరుసగా వచ్చి తమ తమ మెథడ్లను దానికి చేరుస్తాయి. ఆ ఫైళ్ళన్నిటికీ ముందు 'ఇంట్రో', చివర 'అవుట్రో' అని రెండు చిన్న ఫైళ్ళు ఉండేవి. మొదటిదానిలో ఒక ఫంక్షను తెరుచుకుంటుంది, మూసుకోదు, రెండవదానిలో మూసుకుంటుంది. విడిగా చూస్తే రెండూ వ్యాకరణ దోషాలే. అన్నిటినీ వరుసగా అతికిస్తే ఒక్క నిండు వాక్యం. (సాహిత్యాభిమానులకు ఇది క్రియాపదం పది పద్యాల తరువాత వచ్చే కుళకాన్ని గుర్తుచేయకమానదు.)

బయటినుంచి మెథడు తగిలించడాన్ని ఇంగ్లీషువారు కోతిచేష్టగా పేరుపెట్టి 'మంకీ ప్యాచింగ్' అంటారు. మన దగ్గర ఇంతకన్నా గౌరవమైన మాట ఉంది: ప్రక్షిప్తం. మూలకర్త రాయనిది, తరువాతివారు చేర్చినది, చదివేవాడికి మూలంలాగే కనిపించేది. ఐతే అన్ని చేర్పులూ ఒక్క కోవకు చెందవు. నన్నయ అరణ్యపర్వం మధ్యలో వదిలిపెట్టిన భాగాన్ని ఎఱ్ఱన పూరించి, నన్నయలాగే రాజరాజనరేంద్రుడికి అంకితంగా నడిపాడు. దాన్ని ప్రక్షిప్తమని ఎవరూ అనరు. అక్కడ ఖాళీ ఉన్నదని లోకానికి తెలుసు, పూరించినవాడు ఎవరో కూడా తెలుసు. ఎవరో పేరు తెలియని లేఖకుడు ప్రతి రాస్తూ మధ్యలో నాలుగు పద్యాలు ఇరికిస్తే అది వేరే సంగతి. జేక్వెరీది మొదటి మార్గమనీ, ప్రోటోటైప్‌ది రెండవ మార్గానికి దగ్గరనీ నా అభిప్రాయం.

రెండవ మార్గం వల్ల ఏమయిందో చూడండి. క్లాసు పేరును బట్టి అంశాలను వెదికే మెథడును ప్రోటోటైప్ తన సొంతంగా చేర్చుకుంది. అది తిరిగి ఇచ్చేది అరే, దానికి ప్రోటోటైప్ వారి సొంత మెథడ్లు ఉండేవి. కొంతకాలానికి విహారిణులే అదే పేరుతో అదే సదుపాయాన్ని ఇచ్చాయి. కాని అవి ఇచ్చేది అరే కాదు, వేరే రకపు జాబితా. నిన్నటిదాకా నడిచిన పుటలు తమలో ఒక్క అక్షరం మారకుండానే ఆగిపోయే పరిస్థితి వచ్చింది. 2014లో స్ట్రింగులకు 'కంటెయిన్స్' అనే మెథడును ప్రమాణంలో చేర్చబోతే, మూటూల్స్ అనే మరొక గ్రంథాలయం అదే పేరుతో వేరే అర్థంలో మెథడు తగిలించి ఉండటం వల్ల కొన్ని జాలస్థలులు చెడిపోయాయి. పేరును 'ఇంక్లూడ్స్' అని మార్చుకోవలసి వచ్చింది.

2018 మార్చిలో ఈ కథ మరింత రచ్చకెక్కింది. అరేలోని అరేలను చదును చేసే మెథడుకు 'ఫ్లాటెన్' అని పేరు పెట్టబోయారు. మూటూల్స్ పాత కూర్పు ఆ పేరునూ ఎప్పుడో వాడుకొని ఉంది. సొంత మెథడును మూటూల్స్ ఎలాగూ మీద రాసేస్తుంది కదా, మరి చిక్కేమిటి? చిక్కు చాలా సూక్ష్మం. భాష సొంతంగా ఇచ్చే మెథడ్లు వస్తువు గుణాలను లెక్కించే వలయానికి కనపడవు. మనం తగిలించినవి కనపడతాయి. ముందే ఉన్న పేరు మీద రాస్తే విలువ మారుతుంది కాని కనపడని గుణం అలాగే నిలిచిపోతుంది. మూటూల్స్ ఆ వలయాన్ని తిప్పే తన అరే మెథడ్లను మరొక రకం వస్తువుకు నకలు చేసేది. విహారిణి 'ఫ్లాటెన్'ను సొంతంగా ఇవ్వగానే అది వలయానికి కనపడకుండా పోయింది, నకలు కాలేదు, దానిమీద ఆధారపడ్డ పుటలు విరిగాయి. పేరును 'స్మూష్' అని మార్చుదామని ఒకరు పరిహాసంగా ప్రతిపాదిస్తే జనం నిజమనుకొని కొట్లాడారు. చివరికి 'ఫ్లాట్' అని తేల్చి, 2019 ప్రమాణంలో చేర్చారు. దశాబ్దం కిందటి ప్రక్షిప్తం ఒకటి ప్రపంచమంతా వాడే భాషలో ఒక మాటను మార్పించింది!

ఇక లోపలి రహస్యాలను దాచుకొనే మార్గం. డగ్లస్ క్రాక్‌ఫర్డ్ 2001 నాటికే, ఫంక్షను లోపల ప్రకటించిన చరరాశులు బయటివారికి కనపడవన్న సంగతిని ఆధారం చేసుకొని, జావాస్క్రిప్టులోనూ రహస్యాలు ఉంచవచ్చునని చూపించాడు. దీనినే 2007లో యాహూ గ్రంథాలయ బృందానికి చెందిన ఎరిక్ మిరాలియా 'మాడ్యూల్ ప్యాటర్న్' పేరుతో వివరించగా అది ఊరూరా పాకింది. రాసీ రాయగానే తనను తాను పిలుచుకొనే ఒక ఫంక్షను, దాని కడుపులో రహస్యాలు, బయటికి ఇచ్చే ఒక వస్తువు, అంతే. ఐతే ఈ పద్ధతికి ఫైలు ఎల్లయే గోడ. రెండవ ఫైలులోని మెథడుకు మొదటి ఫైలు రహస్యం అందదు. బెన్ చెర్రీ అనే ఆయన 2010లో ఈ చిక్కును విడదీస్తూ రాసిన వ్యాసం నాకు ఇప్పటికీ ఇష్టం. ఫైళ్ళు ఏ వరుసలో వచ్చినా చెల్లేట్లుగా, 'ఉంటే ఉన్నదాన్ని తీసుకో, లేకపోతే ఖాళీదాన్ని చేసుకో' అన్న చిన్న చిట్కా అందులో ఉంది. రహస్యాలను సైతం ఫైళ్ళ మధ్య పంచుకోవడానికి, అన్నీ వచ్చి చేరేదాకా తాళం తీసి ఉంచి, ఆ తరువాత ముద్రవేసే ఏర్పాటు ఉంది. తెలివైన పనే. కాని అంత తెలివి ఖర్చుపెట్టవలసి రావడం భాషలోని లోటుకు నిదర్శనం కాదా?

లోటును తీర్చాలని పెద్దలు ప్రయత్నించకపోలేదు. క్లాసులు, ప్యాకేజీలు, నేమ్‌స్పేసులు అన్నీ కలిపి భారీగా తలపెట్టిన నాలుగవ కూర్పు ఏళ్ళ తరబడి వాదోపవాదాలలో నలిగి 2008 ఆగస్టులో మూలపడింది. అందుకే ఎక్మాస్క్రిప్టుకు మూడు తరువాత అయిదే ఉంటుంది, నాలుగు ఉండదు. పెద్దలు తేల్చకపోతే జనం ఆగరు కదా. 2009 జనవరిలో కెవిన్ డాంగూర్ పిలుపుతో మొదలైన ప్రయత్నం కామన్‌జేఎస్ అయింది. ఆ ఏడే ర్యాన్ డాల్ తెచ్చిన నోడ్ దానిని స్వీకరించింది. విహారిణుల కోసం రిక్వైర్‌జేఎస్, తరువాత బ్రౌజరిఫై, వెబ్‌ప్యాక్ వచ్చాయి. వీటి గురించి ఇప్పటికే చాలామంది చాలా రాశారు కనుక విస్తరించను. మన ప్రశ్నకు సంబంధించినంతవరకు జరిగిన మార్పు ఒక్కటే: ఫైలు అనేది నిజంగా వేరు అయింది. తాడు తెగింది. ఏ ఆకుకు ఏ ఆకు కావాలో ఆ ఆకులోనే రాసుకోవడం మొదలైంది.

2015 జూన్‌లో వచ్చిన ఎక్మాస్క్రిప్టు ప్రమాణం క్లాసు అనే మాటను, మాడ్యూళ్ళను ఒకేసారి ఇచ్చింది. 1996 నాటి కవలల వంటి జంటే ఇది, కాని స్వభావం తలకిందులు. క్లాసు ఇప్పుడు జావాలాగా ఒక కుండలీకరణంలో మొదలై అందులోనే ముగియాలి. ప్రతి ఫైలూ తన గోడల మధ్య తాను ఉంటుంది. వాక్యనిర్మాణం తలుపు మూసింది, కాని వెనుకనున్న ప్రోటోటైపు కిటికీ తెరిచే ఉంది. ఆ కిటికీలోంచి చేర్చిన మెథడ్లు లోపల పుట్టినవాటితో సమానమా అంటే, పూర్తిగా కాదు. క్లాసు లోపల రాసిన మెథడు గుణాల లెక్కింపులో కనపడదు, బయటినుంచి అంటగట్టినది కనపడుతుంది (ఫ్లాటెన్ కథలోని మెలికే ఇది). లోపలి మెథడు 'సూపర్' అని తల్లి క్లాసును పిలవగలదు. బయట మామూలు ఫంక్షనుగా రాసినదానిలో ఆ మాట వ్యాకరణ దోషం. ఒక మెథడు తన సొంత ఇల్లు ఏదో పుట్టినచోటనే గుర్తుపెట్టుకుంటుంది; తరువాత ఎక్కడికి నకలు చేసినా ఆ గుర్తు మారదు.

కిటికీని శ్రద్ధగా వాడినవారు ఉన్నారు. 2016లో వచ్చిన వ్యూ రెండవ కూర్పు మూలాన్ని తెరిచి చూస్తే, ఇతర భాగాలలో క్లాసు అనే మాటను హాయిగా వాడిన రచయితలు ముఖ్యమైన వ్యూ వస్తువును మాత్రం పాతకాలపు ఫంక్షనుగానే ఉంచారు. ఆ చిన్న ఫంక్షను కింద అయిదు పిలుపులు ఉంటాయి: ఆరంభానికి ఒకటి, స్థితికి ఒకటి, సంఘటనలకు ఒకటి, జీవితచక్రానికి ఒకటి, చిత్రణకు ఒకటి. ఒక్కొక్కటి ఒక్కొక్క ఫైలులో ఉండి, వ్యూను చేతికి తీసుకొని దాని ప్రోటోటైపుకు తన వంతు మెథడ్లను చేరుస్తుంది. ఆ ఒక్క పుట చదివితే ఏ పర్వం ఎక్కడున్నదో తెలిసిపోతుంది. విషయసూచిక గల ప్రక్షిప్తాన్ని ప్రక్షిప్తమని నేను అనను.

ఆర్ఎక్స్‌జేఎస్ అయిదవ కూర్పు అదే కిటికీని మరొక విధంగా వాడింది. అందులో అబ్జర్వబుల్ అనే క్లాసుకు పదుల కొద్దీ మెథడ్లు. ఒక్కొక్క మెథడూ ఒక్కొక్క ఫైలు. 'మ్యాప్' కావాలంటే ఆ ఫైలును దిగుమతి చేసుకుంటే చాలు, అది వచ్చి క్లాసుకు తగులుకుంటుంది. కావలసినవే తెచ్చుకుంటాము, బరువు తగ్గుతుంది. ఎంత చక్కని ఏర్పాటు అనిపిస్తుంది. కాని ప్రోటోటైపు లోకానికంతటికీ ఒకటే. నేను 'మ్యాప్'ను దిగుమతి చేసుకున్నాను, మీరు చేసుకోలేదు; అయినా మీ ఫైలు నడుస్తుంది, ఎందుకంటే నాది ముందుగా వచ్చి తగిలించింది. ఒకనాడు నాకు అవసరం తీరి నా దిగుమతిని తీసేస్తాను. ఆగిపోయేది మీ ఫైలు! ఎవరి ఫైలులో మార్పు లేదో వారి దగ్గర తప్పు కనపడితే వెదికేవాడి బాధ ఎలా ఉంటుందో ఆలోచించండి. పైగా, వాడనివాటిని ఏరి పారేసే బండ్లర్లకు ఇటువంటి దిగుమతులు మింగుడు పడలేదు. అవి దేనికీ పేరు ఇవ్వవు, కేవలం ఒక పని చేసి ఊరుకుంటాయి. కనుక వాటిని ఉంచాలా తీయాలా యంత్రానికి తెలియదు. 2017లో వచ్చిన 5.5 కూర్పులో వారు మెథడ్లకు బదులు స్వతంత్రమైన ఫంక్షన్లను ఇచ్చి, వాటిని 'పైప్' అనే ఒకే ఒక్క మెథడు గుండా వరుసగా అందించే పద్ధతి తెచ్చారు. 2018 ఏప్రిల్‌లో ఆరవ కూర్పు పాత పద్ధతిని మూలం నుంచి తొలగించి, వదులుకోలేనివారి కోసం వేరొక ప్యాకేజీగా ఉంచింది. ఆ పరివర్తన రోజులలో దిగుమతి పంక్తులు మార్చుకుంటూ కూర్చున్నవారు ఎందరో. ఆ శ్రమకు ఫలితం దక్కిందనే నేను అంటాను. ఇప్పుడు ఒక ఫైలుకు ఏమి కావాలో ఆ ఫైలును చదివితే తెలుస్తుంది.

డేవిడ్ పార్నాస్ 1972లో, ప్రోగ్రామును ముక్కలు చేయవలసినది పనుల వరుసను బట్టి కాదనీ, ఏ నిర్ణయం మారవచ్చునో దానిని ఒక్కొక్క ముక్కలో దాచాలనీ వాదించాడు. ఆ కొలబద్దతో చూస్తే, నాలుగు వేల పంక్తుల క్లాసును పది ఫైళ్ళుగా కోసినంత మాత్రాన ఏమీ మారదు. నేను ఒకప్పుడు పనిచేసిన చోట అటువంటి క్లాసు ఒకటి ఉండేది. దానిని పది ఫైళ్ళు చేశారు. పది ఫైళ్ళూ అవే ముప్పై చరరాశులను ముట్టుకొనేవి. ముందు ఒకచోట వెదికేవాళ్ళం, తరువాత పదిచోట్ల వెదకవలసి వచ్చింది. లేఖిని వంటి ఉపకరణంలో అక్షర పట్టికలు విడిపోయినట్లు విడిపోతే అందం. ఒక పట్టిక మారితే మరొకదానికి తెలియనక్కరలేదు.

2022 ప్రమాణంతో జావాస్క్రిప్టు క్లాసులకు నిజమైన రహస్యాలు వచ్చాయి, పేరుకు ముందు '#' గుర్తుతో. ఈ పేర్లు క్లాసు కుండలీకరణాల మధ్య మాత్రమే చెల్లుతాయి. బయట రాస్తే ప్రోగ్రాము నడవడం కాదు కదా, చదవబడటమే జరగదు. అంటే మరొక ఫైలులో ఉన్న మెథడు, ప్రోటోటైపు కిటికీలోంచి లోపలికి రాగలదేమో కాని, పెట్టె తెరవలేదు. తెరిపించాలంటే క్లాసు రచయితే పూనుకొని, అదే ప్రమాణంలో వచ్చిన స్టాటిక్ బ్లాకులో ఆ రహస్యాన్ని చదివే చిన్న ఫంక్షను ఒకటి రాసి, దానిని బయటి చరరాశిలో ఉంచి, నమ్మిన ఫైళ్ళకు అందించాలి.